తొందర మనిషికి నిదానం రీలు

స్కాట్స్‌బరో, అలబామా
1994 ఫిబ్రవరి 27, ఆదివారం

డోయల్ బావకి,

నీ బావమరిది వెర్లన్ నమస్కారాలు చెప్పి రాసేది. ఇక్కడ నేనూ, వైనెల్ అక్కా బాగానే ఉన్నాం. అక్కడ లబ్బక్‌లో నువ్వూ, నీ పత్తి మిల్లూ, ఆ ఊరి దుమ్మూ కూడా కులాసాగానే ఉన్నారని అనుకుంటున్నాను. నిన్ను బావా అని పిలిచే హక్కు కోర్టువాళ్లు కాగితం మీద కొట్టేశారని నాకు తెలుసు. ఆ కాగితం మీద సంతకాలు మీ ఇద్దరివి, నాది లేదు. కాబట్టి నా మటుకు నువ్వు బావవే. నచ్చకపోతే ఇక్కడికొచ్చి నా మొహం మీదే చెప్పు.

నువ్వు వెళ్లిన ఈ నాలుగేళ్లలో నీ దగ్గర్నుంచి వచ్చినవి క్రిస్మస్ కార్డులు మాత్రమే. వాటి మీద నీ పేరు తప్ప ఇంకో అక్షరం లేదు. మాకొచ్చే కరెంటు బిల్లు నయం, కనీసం గడువులోగా కట్టమని నాలుగు ముక్కలు రాస్తారు.

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం అక్క ఇంట్లో కూర్చుని రాస్తున్నాను, తను చదివాకే కవర్లోకి వెళ్తుంది. నీకు రాస్తున్నానంటే "రాసుకో, నాకేం" అంది. కాసేపటికి మళ్లీ వచ్చి "ఏం రాస్తావో మాత్రం నాకు చూపించు" అంది. అందుకని మీ ఇద్దరి గొడవలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అనే తీర్పులేవీ ఇందులో రాయను. రాస్తే ఈ పూట వేయించిన చేప నాకు దక్కదు.

సరస్సు సంగతులు చెబుతాను. చలికాలమని డ్యామువాళ్లు నీళ్లు తగ్గించారు కదా, ఇప్పుడిప్పుడే మళ్లీ పెరుగుతున్నాయి. వంతెన అవతలి పాయలో మందు కొట్టి చంపారే, ఆ నీటిగడ్డి మళ్లీ మొలిచింది. నీ లెక్క ప్రకారం గడ్డి ఉన్నచోట బాస్ చేప ఉన్నట్టే. వంతెన పక్కన ఎరల కొట్టు ఓపల్ ఇప్పటికీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఆడిపోసుకుంటోంది. మన క్లబ్బు పందేలకి పేర్లు రాసుకునేది కూడా తనే. మొన్న నన్ను చూసి "మీ బావ ఉన్నప్పుడు ఒక్క ఎర కొనడానికి పూట పట్టేది. ఎర్రదా ఇటుక రంగుదా అని నా ప్రాణం తీసేవాడు. ఇప్పుడొచ్చేవాళ్లు దొరికింది పట్టుకుని చక్కాపోతున్నారు, మాట్లాడ్డానికి మనిషి లేడు" అని నిట్టూర్చింది. నువ్వున్నన్నాళ్లూ ఆమె నిన్ను తిట్టని రోజు లేదు, గుర్తుందా?

ఇక అసలు పనికొస్తాను. నాకు సామాను ఎంచడం చేతకాదు బావా. ఎన్నేళ్లు పడవ నడిపినా నా పని నడపడమే. గాలం, దారం, రీలు, ఎర అన్నీ నువ్వే చూసుకునేవాడివి. ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద పాత తువ్వాలు పరిచి, నీ సామానంతా పెళ్లివారు నగలు పరిచినట్టు పరిచేవాడివి. కొత్త గాలం కనబడితే దాని మొన బొటనవేలి గోరు మీద పెట్టి మెల్లగా లాగేవాడివి. జారిపోతే మొద్దు, గోటికి పట్టుకుంటే పదును. కొట్లో కొన్న ఎరకి వాళ్లు తగిలించిన కొక్కేలు ఒక్కటి కూడా నీకు నచ్చేవి కావు. అన్నీ పీకి పారేసి నీవి తగిలించేవాడివి. లోపల సీసపు గుండ్లు గలగలమనే ఎర్ర బొమ్మచేప ఎర ఉంటుందే, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, కళ్లు మూసుకుని వినేవాడివి. "ఇది మరీ పలచగా మోగుతోంది, ఇది బొంగురు, ఈ చలికి బొంగురుదే కావాలి" అనేవాడివి. నేను నవ్వితే నన్నూ వినమనేవాడివి. నాకు రెండూ ఒకేలా వినిపించేవి, ఆ మాట నీకు చెప్పడానికి మనసొప్పేది కాదు.

దారం గోల వేరే. కొత్త నైలాన్ దారం రీలుకెక్కించే ముందు చుట్టలు సాగాలని పెరట్లో అక్క బట్టలారేసే స్తంభానికి ఒక కొస కట్టి, కంచె దాకా లాగి వదిలేసేవాడివి. పాపం అక్క తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని "ఇది నా పెరడా, నీ దుకాణమా" అని అరుస్తుంటే నువ్వు "ఒక్క గంట వైనెల్, ఒక్క గంట" అని బతిమాలేవాడివి. గంట కాస్తా సాయంత్రమయ్యేది. కప్ప ఆకారంలో కోసి ఉప్పునీళ్లలో ఊరేసిన పంది తోలు ముక్కలు, సీసపు తల గాలానికి తోకలా తగిలిస్తావే, ఆ సీసా తెచ్చి ఫ్రిజ్‌లో దోసకాయ ఊరగాయ పక్కన పెట్టావు. పాస్టరుగారు భోజనానికి వచ్చిన ఆదివారం అక్క ఆ సీసా మూత తీసి, ఆయన పళ్లెం దాకా తీసుకెళ్లింది. ఫోర్కుకి తగిలింది రెండు కాళ్ల ఆకారంలో ఉందని ఆయనే ముందు గమనించారు. ఆ పూటకి నువ్వు వరండాలో తిన్నావు.

సరే, ఎందుకు రాస్తున్నానంటే, నా పడవలో కొత్త జోడీ చేరింది. పేరు చెప్పొద్దని నాకు ఆజ్ఞ. పందెం అయ్యేదాకా పోటీవాళ్లకి తెలియకూడదట. కాబట్టి మర్యాదగా 'వారు' అంటాను. మార్చి 26 శనివారం మన క్లబ్బువాళ్ల జంటల పందెం ఉంది కదా, దానికి వారూ నేనూ దిగాలని. వారికి సరైన సామాను లేదు. నాది ఇస్తే చేతికి కుదరడం లేదు. ఓపల్‌ని అడిగితే కొట్లో అమ్ముడుపోనివన్నీ అంటగడుతోంది.

వారి సంగతి చెబుతాను, నువ్వు ఎంచిపెట్టు. చెయ్యి చిన్నది. పట్టు గట్టిదే, కాని నా రీలు అరచేతిలో ఇమడటం లేదు. ఎడమచేతి వాటం. ఇది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. మనం కుడిచేత్తో విసిరి, కర్రని ఎడమచేతికి మార్చుకుని, అప్పుడు కుడిచేత్తో చుట్టుకుంటాం. వారు ఎడమచేత్తో విసిరి, మార్చుకోకుండానే కుడిచేత్తో చుట్టేస్తున్నారు. ఎర నీళ్లు తాకేలోపు చుట్టడం మొదలు. అదే వచ్చిన చిక్కు. చేప చూసేలోపు ఎర పడవ దగ్గరికి వచ్చేస్తోంది. కాస్త నిదానించమంటే "నేను నిదానంగానే ఉన్నాను, నీ సరస్సే నిద్రపోతోంది" అంటారు. ఎప్పుడో నువ్వు ఓపల్ కొట్లో ఎవరికో చెబుతుంటే విన్నాను, తొందర మనిషికి నిదానం రీలు ఇవ్వాలి, పిడి ఎంత తిప్పినా అది తీరుబడిగానే చుడుతుంది అని. ఆ నిదానం రీలు ఏదో చెప్పు.

విసురు కూడా అంతే, కోపంగా విసురుతారు. రీలు గిర్రున తిరిగి, దారం పొంగి, చిక్కుముడి పడుతుంది. మొదటి నెలంతా నేను చేప పట్టింది లేదు, ఆ చిక్కులు విప్పుతూ కూర్చున్నాను. రీలు పక్కన మర ఎంత బిగించాలో నువ్వు ఎర వేలాడదీసి చూసేవాడివి, అది నాకు గుర్తు లేదు. దారం పన్నెండు పౌన్లది సరిపోతుందా, గడ్డిలో కాబట్టి పదిహేడు పౌన్లది వేయాలా? నేను పన్నెండుది వేశాను. మొన్న పెద్ద చేప ఒకటి గడ్డిలోకి దూరి తెంపుకుని పోయింది. వారు నోరు తెరిచి అన్న మాట నేను ఇక్కడ రాయను, ఆదివారం కదా.

ఇంకొకటి, నవ్వకు. పడవలోకి అరటిపండు తెచ్చారు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఈ సరస్సు మీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను పడెయ్యమని గోల పెట్టాను. వారు నా మొహం చూస్తూ తీరిగ్గా ఒలుచుకుని తిన్నారు. తిని, తొక్క నా టోపీలో పెట్టి, ఆ తర్వాతి విసురుకే ఆరు పౌన్ల చేపని లాగారు. అప్పట్నుంచి నా నమ్మకాలన్నీ అయోమయంలో పడ్డాయి.

కొక్కేలూ ఎరలూ నీ ఇష్టం. రబ్బరు వానపాముల్లో ద్రాక్షరంగువి ఇప్పటికీ పనిచేస్తున్నాయా, కాలం మారిందా? ఎర్ర బొమ్మచేప మాత్రం తప్పకుండా కావాలి. ఈ నెలల్లో చేపలు గడ్డి కింద బురదరొయ్యల కోసం తిరుగుతాయని నువ్వు చెప్పినమాట వారికి చెప్పాను. వారు పడవ అంచు మీదికి వంగి గడ్డి కిందికి చూశారు.

ఎరల మాట వచ్చింది కాబట్టి ఆ బిరడా సంగతి కూడా రాసేస్తాను. రాయకపోతే దాచినట్టుంటుంది, రాస్తే తిట్లు. ఊళ్లో కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఓపల్ మొదట చెప్పే కథ అదే. ఒక్కసారి సూర్యుడు లేచేటప్పుడు ఆ నీళ్లు చూద్దువుగాని రా అని నువ్వు నెలరోజులు బతిమాలితే అక్క బయల్దేరింది. పసుపు గౌను, కొత్త బూట్లు. పడవలో ముందు సీట్లో రాణిలా కూర్చుంది. నువ్వేమో ట్రక్కు వెనక రెండు ఎర్ర ఎరలు చెవి దగ్గర ఆడించుకుంటూ, పడవ అడుగున నీళ్లుపోయే కన్నానికి బిరడా పెట్టడం మర్చిపోయావు. రేవులో దించగానే పడవలోకి నీళ్లు రావడం మొదలు. గట్టు మీద అందరూ అరుస్తున్నారు. నువ్వు నడుంలోతు నీళ్లలోకి దూకి, పడవ దగ్గరికి పరుగెత్తి, ఎరల పెట్టె ఎత్తి తల మీద పెట్టుకుని గట్టుకి చేర్చావు. అప్పుడు వెనక్కి తిరిగావు. అక్క మోకాళ్లలోతు నీళ్లలో సీటు మీద నిలబడి నిన్నే చూస్తోంది.

బావా, ఆ రేవులో ఉన్న మగాళ్లలో ఒక్కడు కూడా నిన్ను తప్పుపట్టలేదు. అక్కకి ఈత వచ్చు, పెట్టెకి రాదు. మేమంతా అలాగే చేసేవాళ్లం, అది మా మొహాల్లో కనబడే ఉంటుంది, అందుకే అక్క మా అందరికీ కలిపి ఒకే చూపు విసిరి, తడిబూట్లతో ఇంటిదాకా నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ రేవు వైపు రాలేదు. కోర్టులో ఈ కథ చెబుతుంటే జడ్జిగారు నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగారు. అక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఇప్పుడే గరిటె పట్టుకుని వచ్చి ఈ పేజీ చదివింది. "పాపం ఆ పెట్టెకి ఈత రాదు కదా, వాళ్ల అమ్మానాన్నలు నేర్పలేదు, అని కూడా రాయి" అంది. రాశాను.

ఇక ఒక్కమాట. మీరు విడిపోయినప్పుడు ఇల్లు అక్కకి, ట్రక్కు నీకు, ఫ్రిజ్ అక్కకి, టీవీ నీకు అని పంచుకున్నారు. నన్ను అక్క వాటాలో వేశారు. నన్ను ఎవరూ అడగలేదు. నాకు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. మేజోళ్ల మిల్లులో ఐదు రోజులు పనిచేసేది ఆరో రోజు పొద్దున్నే నీతో పడవలో కూర్చోవడానికి. ఉప్పు బిస్కట్లూ, డబ్బా సాసేజీలూ మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఒక్కమాట మాట్లాడకుండా ఎన్ని పూటలు గడిపామో. నువ్వు వెనక సీట్లో దగ్గితే నాకు తెలిసేది, చేప నీ ఎర ముట్టుకుందని. నువ్వెళ్లాక కొన్నాళ్లు ఒక్కడినే వెళ్లాను. వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయి, ఎవరూ లేక మానేసేవాడిని. ఆ తర్వాత వెళ్లడమే తగ్గించాను. నువ్వు మా అక్క మొగుడివని నిన్ను ఇష్టపడలేదు బావా. ఆ సంగతి నీకు తెలుసో లేదో అని రాస్తున్నాను.

సామాను ఎంచి పోస్టులో పంపు. వీలు చూసుకుని ఏప్రిల్‌లో ఒకసారి రా. అప్పటికి చేపలు ఒడ్డుకొచ్చి గుడ్లకి గూళ్లు చేసుకుంటాయి. నా ఇంట్లో ఉండటం ఇబ్బందైతే ఓపల్ కొట్టు పైన గది ఖాళీగానే ఉంది. నీ సీటు ఎలా ఉండేదో అలాగే ఉంది, తోలు మాత్రం కాస్త చిరిగింది.

జవాబు రాయి. ఈసారి పేరుకంటే ఒక్క అక్షరమైనా ఎక్కువ ఉండాలి.

ఎప్పటికీ నీ బావమరిది,
వెర్లన్

తా.క.: సోమవారం పొద్దున్న, పోస్టాఫీసులో. ఇక్కడి పెన్నుకి గొలుసు కట్టేశారు, అందుకే అక్షరాలు వంకరపోతున్నాయి. అక్క ఉత్తరం సంతకం దాకా చదివి, ఏప్రిల్ మాట మళ్లీ ఒకసారి చదివి, మడిచి నా చేతికిచ్చింది. ఇప్పుడు బయట ట్రక్కులో కూర్చుని ఉంది. ఇది తను చదవనిది.

'వారు' అక్కే. ఈపాటికి నీకు తట్టే ఉంటుంది. అక్టోబరులో ఒక శనివారం నేను పడవ కడుగుతుంటే నీ పాత రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చి నీ సీట్లో కూర్చుంది. ఇదేంటక్కా అంటే "ఇరవై ఏళ్లు ఆ మనిషి నన్నొదిలేసి ఆ నీళ్లలో ఏం చూశాడో చూడాలి. చూసి, అక్కడేం లేదని తేల్చుకుని, ఆ తర్వాత హాయిగా ఉంటాను" అంది. తేల్చుకుంటుందిలే అని తీసుకెళ్లాను. ఆ వారం తేలలేదు. మరుసటి వారం నాకంటే ముందే లేచి, కాఫీ ఫ్లాస్కులో పోసుకుని నా గుమ్మంలో నిలబడింది. చలికాలమంతా వచ్చింది బావా, వేళ్లు కొంకర్లు పోతున్నా వచ్చింది.

మొన్న శనివారం పాయలో పొగమంచు పట్టింది. గడ్డి పక్కన ఒక చేప పడింది, పెద్దదేం కాదు. అక్క దాన్ని నీళ్లలోనే పట్టుకుని, కొక్కెం తీసి, వదిలేసింది. చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది. ఎండ మంచులోంచి దిగుతోంది, అక్కడక్కడ గడ్డి కొసలు పైకి తేలి ఉన్నాయి. చాలాసేపు చూసి, నా వైపు తిరక్కుండా, "ఆయన ఇంటికి రాగానే ఏదో చెప్పబోయేవాడు వెర్లన్. గడ్డి అంటాడు, నీళ్ల రంగంటాడు. నేను కుళాయి తిప్పుకుని గిన్నెలు తోముకునేదాన్ని. ఇదన్నమాట చెప్పబోయింది" అంది. తర్వాత నన్ను ఉప్పు బిస్కట్లు అడిగింది. నేను అటు తిరిగి కూర్చున్నాను, నా మొహం బాగాలేదు.

కాబట్టి సామాను పోస్టులో పంపకు, నువ్వే పట్టుకురా. ఏప్రిల్ కాదు, మార్చి 26కే రా. ఓపల్ దగ్గర జంటల పందేనికి రెండు పేర్లు రాయించేశాను, ఒకటి అక్కది, ఒకటి నీది. నీతో మళ్లీ గాలం వెయ్యాలని పైన రాసిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, కాని జంటంటే ఇద్దరే. నేను గట్టు మీద ఉంటాను. అక్కకి ఇంకా తెలియదు. ఓపల్ కడుపులో మాట ఎన్నాళ్లు ఆగుతుందో ఆ దేవుడికే తెలియాలి, అందుకే ఈ తొందర. రేవు దగ్గర నిన్ను చూసి అక్క ట్రక్కు తిప్పుకుని ఇంటికి పోయినా పోతుంది. మళ్లీ నిన్ను మొగుడిగా ఏలుకుంటుందని నేను మాటివ్వలేను. ఆ తిట్లూ శాపాలూ నేను పడతాను.

హారన్ కొడుతోంది, స్టాంపు అంటించాలి. వచ్చి ఆమెకి చెప్పు బావా. ఈసారి వింటుంది.